సౌతాంప్టన్‌లో ఓడ దిగాక రాత్రి విమానం దాకా: ఆరుగురు మనుషులు, ఏడు పెట్టెలు

మీరు అడిగినది ఇది. ఆగస్టులో ఒక శనివారం ఉదయం 6.30కి మీ ఓడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్ రేవు చేరుతుంది. అదే రోజు రాత్రి 10 గంటలకు లండన్ హీత్రో విమానాశ్రయం నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌కు విమానం. మీరిద్దరు, మీ అత్తమామలు, తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. పెద్ద పెట్టెలు ఏడు. సామాను సౌతాంప్టన్ స్టేషన్‌లో పెట్టి, రైలులో సాలిస్‌బరీ వెళ్లి, అక్కడికి దగ్గరలోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ చూసి, వెనక్కి వచ్చి పెట్టెలు తీసుకుని హీత్రో బస్సు ఎక్కవచ్చా అన్నారు.

అలా చేయవద్దు. మొదటి కారణం, సౌతాంప్టన్ సెంట్రల్ స్టేషన్‌లో సామాను దాచే గది లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో క్లోక్ రూమ్ ఉన్నట్టు ఇక్కడా ఉంటుందని మన వాళ్లు చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో లండన్ పెద్ద స్టేషన్లు వంటి కొన్ని చోట్ల తప్ప ఆ సదుపాయం దొరకదు. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. ఒకవేళ ఎక్కడో పెట్టగలిగినా, మీరు ముందుకు వెళ్లాల్సిన దారికి సామాను వెనక పడిపోతుంది. దాని కోసం తిరిగి రావాల్సిందే. మధ్యలో ఏ ఒక్క రైలు ఆగిపోయినా ఆ రోజంతా తలకిందులవుతుంది.

ఇది నేను స్వయంగా అనుభవించాను. సౌతాంప్టన్‌లో స్థిరపడిన కొత్తలో మా అమ్మానాన్నలను ఒక చిన్న క్రూయిజ్‌కు తీసుకెళ్లాను. దిగిన రోజు పెట్టెలు ఊళ్లో ఒక దుకాణంలో దాచి, ముగ్గురం రైలులో సాలిస్‌బరీ వెళ్లాం. తిరుగు రైలు రద్దయింది, తరువాతది ఆలస్యమైంది. మేం వచ్చేసరికి దుకాణం మూసే వేళ. యజమాని దయతలచి పది నిమిషాలు ఆగాడు కాబట్టి సామాను చేతికి వచ్చింది, కానీ హీత్రో బస్సు వెళ్లిపోయింది. అప్పటికప్పుడు దొరికిన టాక్సీకి ఇచ్చిన డబ్బుతో ఆ రోజంతా కారు పెట్టుకుని తిరిగి ఉండవచ్చు. నాన్నకు ఆ రోజు గుర్తున్నది సాలిస్‌బరీ చర్చి కాదు, ప్లాట్‌ఫారం మీద నిలబడి గడియారం చూసుకోవడమే. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు పెట్టెల ప్రయాణం తేల్చమంటాను. మనుషుల ప్రయాణం దాని వెంట తేలుతుంది. సామాను మీతో ఉండాలి, లేదా మీకన్నా ముందు ఉండాలి, వెనక మాత్రం ఉండకూడదు.

మీ విషయంలో నా సలహా: ఎనిమిది సీట్ల వాహనం ఒకటి, డ్రైవరుతో సహా, పగలంతటికీ మాట్లాడుకోండి. రేవు దగ్గర ఎక్కి సాలిస్‌బరీ, అక్కడి నుంచి స్టోన్‌హెంజ్, అక్కడి నుంచి నేరుగా హీత్రో. మ్యాపు చూస్తే అర్థమవుతుంది, ఇది చుట్టుదారి కానే కాదు. సౌతాంప్టన్ నుంచి ఏ36 రోడ్డు వాయవ్యంగా సాలిస్‌బరీ చేరుతుంది. స్టోన్‌హెంజ్ దానికి కాస్త ఉత్తరాన ఉంది. దాని పక్కనే పోయే ఏ303 రోడ్డు తూర్పుగా వెళ్లి ఎం3 అనే పెద్ద రహదారిలో కలుస్తుంది. ఎం3 మిమ్మల్ని లండన్ చుట్టూ ఉన్న ఎం25 దాకా తెస్తుంది, హీత్రో దాని పక్కనే. ఒక్కసారి కూడా వెనక్కి తిరగనక్కరలేదు. పెట్టెలు ఉదయం ఒకసారి డిక్కీలోకి ఎక్కుతాయి, సాయంత్రం ఒకసారి దిగుతాయి.

ఖర్చు ఎక్కువ కదా అనిపిస్తుంది. ఇద్దరు మనుషులైతే నేనూ బస్సే ఎక్కమనేవాణ్ణి. ఆరుగురి లెక్క వేరు. ఆరు రైలు టికెట్లు, ఆరు హీత్రో బస్సు టికెట్లు, స్టేషన్ నుంచి స్టోన్‌హెంజ్‌కు వెళ్లే బస్సు టికెట్లు, ఏడు పెట్టెలు దాచిన రుసుము, రేవు నుంచి స్టేషన్‌కు రెండు టాక్సీలు, ఇవన్నీ కూడి చూడండి. సామాను రుసుము ఒక్కో పెట్టెకు వేరువేరుగా ఉంటుందన్నది మరవకండి. కూడాక వచ్చే తేడాను, మీ మామగారి మోకాళ్లను పక్కపక్కన పెట్టి నిర్ణయించండి.

వాహనం మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 'మేం ఆరుగురం' అని మాత్రమే చెబితే ఆరు సీట్ల బండి పంపుతారు. అందులో ఆరుగురు కూర్చున్నాక వెనక రెండు పెట్టెలకే చోటు మిగులుతుంది. మనుషుల లెక్క చెప్పే ముందు పెట్టెల లెక్క చెప్పండి: పెద్దవి ఏడు, చేతి సంచులు ఆరు, మడత చక్రాల కుర్చీ ఉంటే అదీ. పెట్టెలన్నీ వరుసగా నిలబెట్టి ఒక ఫొటో తీసి పంపితే ఇంకా మేలు. ఎనిమిది సీట్ల వ్యానుల్లోనూ వెనక చోటు తక్కువగా ఉండే పొట్టి రకం, ఎక్కువగా ఉండే పొడుగు రకం ఉంటాయి. పొడుగుదే కావాలని రాతపూర్వకంగా అడగండి.

రెండోది, డ్రైవరు బండితోనే ఉంటాడా అని అడగండి. మీరు చర్చిలో, స్టోన్‌హెంజ్ దగ్గర ఉన్నంతసేపూ మీ సామానంతా ఆ బండిలోనే ఉంటుంది. బండి తాళం వేసి అతను టీకి వెళ్లిపోయే ఏర్పాటు అయితే నాకు నచ్చదు. చాలా ప్రయాణ బీమాలు కాపలా లేని వాహనంలో పోయిన విలువైన వస్తువులకు డబ్బు ఇవ్వవు. నగలు, లాప్‌టాప్, పాస్‌పోర్టులు, మందులు ఎలాగూ మీ భుజం మీదే ఉండాలి. మూడోది, హీత్రో టెర్మినల్ ముందు దింపడానికి విమానాశ్రయం వసూలు చేసే రుసుము, స్టోన్‌హెంజ్ పార్కింగ్, వేచి ఉండే సమయం, ఇవన్నీ చెప్పిన ధరలో కలిసి ఉన్నాయా అన్నది.

నాలుగోది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఇక్కడి తెలుగు వాట్సాప్ బృందాల్లో 'నేను దింపుతాను, ఇంత ఇవ్వండి' అని సొంత కారులో తీసుకెళ్లే వాళ్లు దొరుకుతారు. మంచి మనసుతో చేసే వాళ్లే ఎక్కువ. కానీ ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ప్రయాణికులను చేరవేయాలంటే స్థానిక కౌన్సిల్ ఇచ్చిన లైసెన్సు బండికీ, డ్రైవరుకూ, బుకింగ్ తీసుకునే సంస్థకూ ఉండాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే బీమా చెల్లకపోవచ్చు. స్నేహితుడు ఊరికే దింపితే సంతోషంగా వెళ్లండి. డబ్బు ఇచ్చి వెళ్లేటప్పుడు మాత్రం బండి మీద లైసెన్సు పలక, డ్రైవరు మెడలో గుర్తింపు కార్డు చూడండి. ముందుగా బుక్ చేసిన అద్దె కారు వేరు, వీధిలో చెయ్యెత్తి ఆపే టాక్సీ వేరు అని కూడా గుర్తుంచుకోండి. మొదటి రకం బండి బుకింగ్ లేకుండా ఎవరినైనా ఎక్కించుకోవడం చట్టవిరుద్ధం.

పిల్లల విషయం. ఇక్కడ 12 ఏళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందయితే అది, కారులో పిల్లల సీటు వాడాలి. టాక్సీలో ఆ సీటు లేకపోతే మూడేళ్లు దాటిన పిల్లలు పెద్దల బెల్టు పెట్టుకుని వెనక కూర్చోవచ్చని చట్టం సడలింపు ఇస్తుంది. అయినా రెండు గంటలు మోటారు దారి మీద వెళ్లే రోజు అది. పాపకూ బాబుకూ చెరొక ఎత్తు సీటు ముందే అడిగి పెట్టించుకోండి.

ఇక ఆ రోజు ఎలా గడపాలో చెబుతాను. ఓడ 6.30కి వచ్చిందంటే మీరు 6.30కి దిగుతారని కాదు. సామాను ఓడ వాళ్లకు అప్పగిస్తే ముందు రోజు రాత్రే పెట్టెలు గది బయట పెట్టాలి. పెట్టెకు కట్టిన రంగు చీటీని బట్టి ఎప్పుడు దిగాలో పిలుస్తారు. పెట్టెలు టెర్మినల్ హాలులో అదే రంగు గుర్తు కింద వరుసగా ఉంటాయి. ఎవరి సామాను వాళ్లు మోసుకుని అందరికన్నా ముందు దిగిపోయే వీలూ ఉంటుంది. కానీ ఏడు పెట్టెలతో, ఇద్దరు పెద్దవాళ్లతో ఆ దారి మీకు కాదు. ముందు రాత్రి పెట్టెలు బయట పెట్టేటప్పుడు మర్నాటి బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టులు, బీపీ, షుగరు మందులు లోపలే ఉంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. మర్నాడు తొడుక్కునే ప్యాంటు కూడా పెట్టెలో పెట్టేసి, పైజామాతో టిఫిను హాలుకు వచ్చిన పెద్దాయనను నేను చూశాను. ఆయన పడ్డ ఇబ్బంది నాకు ఇంకా కళ్ల ముందు ఉంది.

ఓడలో కొన్న సెంట్లు, మద్యం సీసాలు కూడా ఆ రాత్రే పెద్ద పెట్టెల్లో సర్దండి. దుబాయ్‌లో విమానం మారేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది, చేతి సంచిలోవి అక్కడ పోతాయి.

తీరిగ్గా టిఫిను చేసి 8.45 ప్రాంతంలో దిగే రంగు చీటీ అడగండి. కారు 9.30కి చెప్పండి. డ్రైవరుకు మీ ఓడ పేరు, టెర్మినల్ పేరు రెండూ ఇవ్వండి. సౌతాంప్టన్‌లో క్రూయిజ్ టెర్మినళ్లు ఐదు: తూర్పు రేవుల వైపు క్వీన్ ఎలిజబెత్ 2, ఓషన్, పడమటి రేవుల వైపు సిటీ, హొరైజన్, మేఫ్లవర్. వీటికి దారులు వేరు, గేట్లు వేరు. ఆగస్టు శనివారం ఒకేసారి మూడు నాలుగు ఓడలు ఉంటాయి, వేల మంది దిగుతారు, వేల మంది ఎక్కడానికి వస్తారు. తప్పు గేటుకు వెళ్లిన డ్రైవరు ఆ రద్దీలో అవతలి గేటుకు రావడానికి అరగంట పడుతుంది. ఓడలకు కేటాయించిన టెర్మినల్ అప్పుడప్పుడు మారుతుంది కూడా. ప్రయాణానికి రెండు రోజుల ముందు మరోసారి చూసి డ్రైవరుకు సందేశం పెట్టండి.

సాలిస్‌బరీకి సుమారు 45 నిమిషాలు. చర్చి గోపురం 123 మీటర్లు, బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తైన చర్చి గోపురం లేదు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం మాగ్నా కార్టా ప్రతులు ఇప్పటికి నాలుగే మిగిలాయి, వాటిలో ఒకటి ఇక్కడే, చర్చి పక్క మంటపంలో ఉంది. మీ మామగారు చరిత్ర మాస్టారుగా పనిచేశారని రాశారు కదా, ఆయనను అక్కడ తొందరపెట్టకండి. 1386 నాటిదని చెప్పే, డయల్ లేని గడియారం లోపల ఉంది, పిల్లలకు అది చూపించండి. లోపలంతా చదునైన నేల, కూర్చోవడానికి కుర్చీలు ఉంటాయి. భోజనం కూడా సాలిస్‌బరీలోనే కానివ్వండి. స్టోన్‌హెంజ్ దగ్గర ఉన్నది ఒక్క కేఫే, మధ్యాహ్నం వేళ అక్కడ వరుస పొడుగ్గా ఉంటుంది.

స్టోన్‌హెంజ్‌కు సమయం వేసిన టికెట్లు ఉంటాయి, ముందే కొనాలి. మధ్యాహ్నం 1.30 నాటిది తీసుకోండి. సందర్శకుల భవనం నుంచి రాళ్ల దగ్గరకు రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అక్కడి బస్సులు తిప్పుతూనే ఉంటాయి, టికెట్‌లోనే కలిసి ఉంటుంది. మీ అత్తమామలు నడవనక్కరలేదు. ఆగస్టు అయినా ఆ మైదానంలో గాలి చలిగా కొడుతుంది. వాళ్ల స్వెట్టర్లు డిక్కీలో అడుగున పడిపోకుండా చేతి సంచిలో ఉంచండి. రెండు గంటలు చాలు.

3.30కల్లా అక్కడి నుంచి కదలాలి, దీని మీద మాత్రం పట్టుగా ఉండండి. స్టోన్‌హెంజ్ పక్కన ఏ303 అటొక వరుస, ఇటొక వరుసగా ఇరుకైన రోడ్డు. సెలవులకు పడమటి తీరానికి వెళ్లే కార్లు, తిరిగి వచ్చే కార్లు ఆగస్టు శనివారాల్లో అక్కడే చిక్కుకుంటాయి. రోడ్డును భూమి కిందుగా తీసుకెళ్లే సొరంగం ప్రణాళిక ఏళ్ల తరబడి నలిగి, చివరకు 2024 జూలైలో రద్దయింది. కాబట్టి ఆ ఇరుకు అలాగే ఉంది. రోడ్డు ఖాళీగా ఉంటే హీత్రోకు గంటన్నర లోపే వెళ్లవచ్చు, మీరు రెండున్నర గంటలు లెక్క వేసుకోండి. 6 గంటలకు చేరితే విమానానికి నాలుగు గంటలు ఉంటుంది. విమాన సంస్థ కౌంటర్‌లో సామాను తీసుకోవడం సాధారణంగా ఆ వేళకే మొదలవుతుంది. పెట్టెలు కౌంటర్‌లో ఇచ్చేసి పిల్లలతో లోపల కూర్చోవచ్చు.

టెర్మినల్ ఏదో టికెట్ మీద చూసి డ్రైవరుకు ఉదయమే చెప్పండి. హీత్రోలో 2, 3 పక్కపక్కనే ఉంటాయి. 4, 5 మాత్రం దూరంగా వేరువేరు చోట్ల ఉన్నాయి. పొరపాటున వేరే దగ్గర దిగితే టెర్మినళ్ల మధ్య రైలు ఉచితమే, కానీ ఏడు పెట్టెలు లిఫ్టుల్లో ఎక్కించి దించడం మీకు ఆ వేళ చేతకాదు. మామగారికి విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలంటే కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పండి. ఓడ దిగేటప్పుడు కావాలంటే అది వేరు, ఓడ సహాయక కౌంటర్‌లో విడిగా అడగాలి.

ఒకవేళ ఎనిమిది సీట్ల బండి దొరకకపోతే, లేదా వాన ముంచెత్తే రోజయితే, నాకు నచ్చే రెండో దారి ఇది. ఉదయమే నేరుగా హీత్రో వెళ్లిపోండి. మీ విమానం ఉన్న టెర్మినల్‌లోనే సామాను దాచే కౌంటర్ ఉంటుంది. స్కానర్‌లో తనిఖీ చేసి రసీదు ఇస్తారు. ఒక్కో పెట్టెకు రోజుకు పది పౌండ్లు దాటుతుంది, కాబట్టి ఏడింటికి 70 పౌండ్లకు పైనే అనుకోండి. తరువాత చేతులు ఊపుకుంటూ విండ్సర్ వెళ్లండి, టాక్సీలో అరగంట లోపే. కోట లోపలికి పెద్ద పెట్టెలు రానివ్వరు, దాచుకోరు కూడా. అందుకే హీత్రోలో దింపుకున్నాకే అక్కడికి వెళ్లాలి. కోట మంగళ, బుధవారాల్లో సాధారణంగా మూసి ఉంటుంది, మీది శనివారం కాబట్టి ఇబ్బంది లేదు. ఈ పద్ధతిలో సామాను మీకన్నా ముందే గమ్యం చేరి మీ కోసం ఎదురుచూస్తుంది. విమానాశ్రయానికి పది మైళ్ల లోపే ఉంటారు కాబట్టి మనసు కుదురుగా ఉంటుంది.

లండన్ నగరం చూద్దామా అని కూడా అడిగారు. సౌతాంప్టన్ సెంట్రల్ నుంచి లండన్ వాటర్‌లూకు వేగంగా వెళ్లే రైలు గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. లండన్‌లోనే ఉన్న మరో స్టేషన్ ప్యాడింగ్టన్‌లో సామాను దాచే కౌంటర్ ఉంది, అక్కడి నుంచి ఎలిజబెత్ లైను రైలు అరగంటలో హీత్రో చేరుస్తుంది. ఒకరిద్దరు కుర్రాళ్లు చెరొక పెట్టెతో వెళితే చక్కటి ఏర్పాటు. ముగ్గురి నుంచి తొమ్మిది మంది పెద్దలు కలిసి రద్దీ లేని వేళ వెళితే టికెట్‌లో మూడో వంతు తగ్గింపు ఉంటుంది, అదీ బాగుంది. అయినా వాటర్‌లూ నుంచి ప్యాడింగ్టన్‌కు ఏడు పెట్టెలతో మీ ఆరుగురు వెళ్లడం నేను ఊహించుకోలేను. శని, ఆదివారాల్లో పట్టాల మరమ్మతుల పేరుతో రైలు బదులు బస్సు నడిపే రోజులూ వస్తాయి. ఈసారికి లండన్ వదిలేయండి.

సౌతాంప్టన్ నుంచి హీత్రోకు నేరుగా వెళ్లే నేషనల్ ఎక్స్‌ప్రెస్ బస్సు గురించి ఇంకొకరు కింద వ్యాఖ్యల్లో అడిగారు, వారికి కూడా చెబుతాను. ఇద్దరు ముగ్గురికి అదే అన్నిటికన్నా మంచిది. బస్ స్టేషన్ హార్బర్ పరేడ్‌లో ఉంది, రేవు నుంచి టాక్సీలో కొద్ది నిమిషాలు. సుమారు రెండు గంటల్లో హీత్రో. కానీ ఒక్కో పెట్టె 20 కిలోల వరకే అన్నది వాళ్ల నియమం. మనం విమానం లెక్కన 23 కిలోలు నింపుతాం, అది గుర్తుంచుకుని సర్దుకోండి. రాత్రి విమానం ఉండి ఆ పగలు సౌతాంప్టన్‌లోనే గడపాలనుకుంటే, దుకాణాల్లో, హోటళ్లలో సామాను దాచే యాప్‌లు పనికొస్తాయి. అయితే బస్ స్టేషన్‌కు దగ్గరలో ఉన్నదే ఎంచుకోండి, వాళ్లు తలుపు మూసే సమయం చూడండి. ఆదివారం అయితే మరీ చూడండి, ఇంగ్లండ్‌లో పెద్ద దుకాణాలు ఆ రోజు ఆరు గంటలసేపే తెరిచి ఉంచాలని చట్టం. ఊళ్లో సీసిటీ మ్యూజియం చూడదగ్గది. టైటానిక్ 1912 ఏప్రిల్ 10న ఇక్కడి నుంచే బయలుదేరింది, అందులో చనిపోయిన సిబ్బందిలో ఈ ఊరి వాళ్లు 500 మందికి పైగా. ఆ ఇళ్ల వీధులను నేల మీద పటంగా చూపించిన గదిలో నేను ఎప్పుడు నిలబడినా మాట రాదు.

ఓడ ఆలస్యమైతే ఏమిటన్న మీ చివరి ప్రశ్న. పొగమంచు, గాలి వల్ల గంటా రెండు గంటలు ఆలస్యం కావడం ఉంది. ఉదయం 11 గంటల విమానం వాళ్లు అప్పుడు గుండెలు చేత పట్టుకుంటారు. మీకు రాత్రి విమానం కాబట్టి నష్టం సాలిస్‌బరీకే. ఉదయం 10.30 దాటినా మీరు ఓడ దిగకపోతే చర్చి వదిలేసి నేరుగా స్టోన్‌హెంజ్ వెళ్లండి. 12 దాటితే అదీ వదిలి హీత్రో వైపు కదలండి. డ్రైవరుకు ఈ రెండు గడువులూ ముందే చెప్పి ఉంచితే, ఆ ఉదయం రేవులో ఫోను పట్టుకుని కుటుంబమంతా చర్చించుకోవాల్సిన పని ఉండదు.

మీ ఓడ ఏ టెర్మినల్‌లో ఆగుతుందో తెలిశాక ఇక్కడ రాయండి. ఏ గేటు దగ్గర, హాలు ఏ వైపు బయటకు వస్తే బండి దగ్గరగా ఉంటుందో చెబుతాను. పెట్టెల ఫొటో కూడా పెట్టండి, ఎనిమిది సీట్ల బండిలో పడతాయో లేదో నేను చూస్తాను.